తాతగారి యాంప్లిఫయరు



తాతగారు ఇండియా నుంచి తెచ్చిన యాంప్లిఫయరు మీ ఇంట్లో మూలపడి ఉంటే పారవేయకండి. అక్కడి కరెంటు 230 వోల్టులు, 50 సైకిల్స్. ఇక్కడిది 120 వోల్టులు, 60 సైకిల్స్. తగినన్ని వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే అది చక్కగా పలుకుతుంది. 60 సైకిల్స్ వల్ల దానికి హాని లేదు. అయితే మూత మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ పని మెకానిక్కుకే వదలండి.

ఎ.సి. మోటారుతో తిరిగే రికార్డు ప్లేయరు సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుందే గాని సైకిల్స్‌ను మార్చదు. మోటారు ఐదోవంతు ఎక్కువ వేగంతో తిరిగి, ఒకటో శ్రుతిలో పాడిన పాట రెండున్నర శ్రుతిలో వినిపిస్తుంది. 60 సైకిల్స్‌కు సరిపడే చిన్న పుల్లీ వేయించండి. అప్పుడే తాతగారు విన్న ఘంటసాల గారి గొంతు మీ పిల్లలు వింటారు.