కుక్రీ – మచ్చుకత్తి



మన పట్టణములలో నడిరేయి ఈల వేయుచు, కర్రతో నేలను తట్టుచు, వీధి వీధి తిరుగు గూర్ఖాను ఎరుగని పెద్దవారు అరుదు. నెల మొదట అతడు గుమ్మము ముందర నిలిచి, సలాము చేసి, ఇచ్చినది పుచ్చుకొని పోయెడివాడు. అతని నడుమున వంకర ఒరలో వ్రేలాడు కత్తిని చిన్నతనమున మేమును భయముతోనే చూచితిమి. ఆ కత్తిని ఒకసారి ఒరనుండి తీసినచో రక్తము చూపక తిరిగి పెట్టరాదని మాలో ఒక కథ ఉండెడిది. అది వట్టి కట్టుకథ. నేపాళదేశపు పల్లెలలో కుక్రీతోనే కట్టెలు కొట్టుదురు, వెదురు చీల్చుదురు, కూరలు తరుగుదురు, దసరా పండుగకు మేకను కోయుదురు. దినమునకు పదిసార్లు తీసి పెట్టవలసిన పనిముట్టునకు ప్రతిసారియు రక్తము ఎక్కడనుండి తెత్తురు? 1814–1816 నాటి నేపాళ యుద్ధములో ఆంగ్లేయులు ఆ కత్తి దెబ్బ చవిచూచి, పిమ్మట ఆ కత్తి పట్టినవారినే తమ సైన్యములో చేర్చుకొనిరి. లోకమునకు దాని యుద్ధకీర్తియే తెలిసినది. కట్టెలు కొట్టిన సంగతి మరుగుపడినది.

ఐనను మేము ఈ ప్రసంగమునకు పూనుకొనుటకు కారణము గూర్ఖా కాడు. తుళ్లూరులో మా దొడ్డిలో జరిగిన ఒక చిన్న ప్రమాదము. కొన్నేండ్ల క్రిందట దొడ్డి చుట్టును పెరిగిన సర్కారుతుమ్మ కంప కొట్టించవలెనని, బజారులో నిగనిగలాడుచున్న కత్తి నొకదానిని కొని తెచ్చితిమి. మొదటిపూట బాగుగనే తెగినది. రెండవపూట ఒక మోటు మొద్దు మీద వేటు పడగానే పిడి మాత్రము చేతిలో మిగిలి కత్తి ఎగిరిపోయినది. ప్రక్కన కంప ఏరుచున్న కూలిమనిషి మడమకు జానెడు దూరమున అది నేలలో దిగబడెను. ఆమె కేక యైనను వేయలేదు. కొంగుతో ముఖము తుడుచుకొని, "ఆచారిగారు చేసిన కత్తయితే ఇట్టా ఊడదు బాబుగారూ" అనెను.

ఆ మాట మమ్ము మరునాడే కొలిమి యొద్దకు నడిపించినది. ఊడిన కత్తిని, దానితోబాటు సైన్యములో పనిచేసి వచ్చిన మిత్రుడొకరు మాకు కానుకగా ఇచ్చిన కుక్రీని తీసికొనిపోయితిమి. ఆచారిగారు తాము చేసిన మచ్చుకత్తిని కూడ తెచ్చి మూడింటిని దాగలి మీద ప్రక్క ప్రక్కన పెట్టిరి. మేము వాదర మీద వ్రేలు పెట్టి చూడబోగా నవ్విరి. "పదునుదేముంది బాబూ, సాన మీద పెడితే రేకుముక్కకైనా వస్తుంది. ముందు తూకం చూడండి" అని, తమ చూపుడువ్రేలిని చాచి దానిపై కత్తులను ఒక్కొక్కటిగా నిలిపి చూపిరి.

కుక్రీ మొత్తము పొడవు 16 అంగుళములు. పిడి దాటిన తరువాత మూడంగుళముల దూరమున వ్రేలిపై తిన్నగా నిలిచినది. 18 అంగుళముల మచ్చుకత్తి పిడికి నాలుగంగుళముల ఆవల నిలిచినది. బజారు కత్తి పిడి అంచుననే నిలిచెను. అనగా మొదటి రెండింటిలోను బరువు ముందునకు ఉన్నది. మూడవదానిలో చేతి యొద్దనే ఉన్నది. చేతి యొద్ద బరువున్న కత్తి పట్టుకొన్నప్పుడు తేలికగా తోచును, అంగడిలో మోసపోవునది అక్కడనే. పని మొదలుపెట్టినచో దానికి దెబ్బ నిచ్చునది మన భుజమే. ముందు బరువున్న కత్తిని మనము ఎత్తి దారి చూపినచో చాలును, తక్కిన పని అది పడుటలోనే జరిగిపోవును. అట్లని బరువును మరీ ముందునకు త్రోసినచో ఎత్తుట కష్టమై మణికట్టు సాయంకాలమునకు వాచును. మూడంగుళములా, నాలుగా, అన్నది లెక్క వేసి తేల్చినది కాదు. తరతరముల మణికట్టుల నొప్పి తేల్చినది.

ఇంకొక పరీక్షయు ఆచారిగారు చూపిరి. పిడిని రెండు వ్రేళ్ళతో వదులుగా పట్టుకొని, వాదరతో కర్రను అక్కడక్కడ మెల్లగా తట్టవలెను. మొనయొద్ద తట్టిన పిడి ఒకవైపునకు అదరును. పిడి దగ్గర తట్టిన మరొకవైపునకు అదరును. నడుమ ఒకచోట తట్టినప్పుడు చేతికి ఏమియు తెలియదు. క్రికెట్టు ఆడువారు తమ బ్యాటులో ఆ చోటును బాగుగ ఎరుగుదురు. ఒకే మందము గల తిన్నని కడ్డీని కొనయొద్ద పట్టి ఆడించినప్పుడు ఆ చోటు మూడింట రెండు వంతుల దూరమున ఉండునని భౌతికశాస్త్రము చెప్పును. కుక్రీకి కడుపువలె వెడల్పైన భాగము ఉన్నది సరిగా అటువంటి చోటనే. మా మచ్చుకత్తిలో అది కొంచెము ముందునకు, మొన వంపునకు ఇవతల ఉన్నది.

వంపు విషయమున మాత్రము రెండును వేరు దారులు పట్టినవి. కుక్రీ నడుమనే క్రిందికి వంగును. అందువలన మణికట్టు వంచకుండగనే వాదర కర్రను ఏటవాలుగ తాకి కోసికొనిపోవును. మచ్చుకత్తి చాల దూరము తిన్నగా వచ్చి కొనయందు ముక్కువలె వంగును. ఆ ముక్కుతో ముండ్లకొమ్మను దూరమునుండియే లాగి, చేతికి ముల్లు తగులకుండ నరుకవచ్చును. కొండ అడవిలోని కట్టెకు ఒక వంపు, నల్లరేగడి గట్టుమీది కంపకు ఒక వంపు. రెండింటిలో ఏది మేలని అడుగుట ఎద్దు మేలా పడవ మేలా అని అడుగుటవంటిది. ఇంటిలోని కత్తిపీటకు ఈ తూకముతో నిమిత్తమే లేదు. అక్కడ కత్తి కదలదు, కూర కదలును. ఇల్లాలి పాదము క్రింది పీటయే దాని తూకము.

ఇక పదును పట్టించుట. ఇప్పుడు ఇక్కడను నేపాళములోను కమ్మరులు ఎక్కువగా వాడునది పాత లారీల కమానుకట్ట ఉక్కు. అందులో బొగ్గుపాలు నూటికి 0.6 ప్రాంతమున ఉండును. కుక్రీ చేయు కామి కులపు కమ్మరులు కత్తిని ఎఱ్ఱగా కాల్చి, కెటిలుతో నీళ్ళు తెచ్చి, వాదర పొడవునను సన్నధారగా పోయుదురు. వాదర గట్టిపడును, వీపు మెత్తగనే ఉండును. మా ఆచారిగారు నీళ్ళు పోయరు, కత్తినే నీళ్ళకు తెత్తురు. పండుమిరపకాయ రంగు వచ్చువరకు కాల్చి, తొట్టిలో వాదర మాత్రము మునుగునట్లు పట్టుకొందురు. వీపులో మిగిలిన వేడి మెల్లగా వాదరకు దిగివచ్చుచుండగా, రాతితో రుద్ది తెలుపు చేసిన చోట రంగులు నడచును: మొదట ఎండుగడ్డి రంగు, పిమ్మట గోధుమవన్నె, ఆపైన నేరేడుపండు రంగు, కడపట నీలము. గడ్డిరంగు నాడు ఆపినచో వాదర కరకుగ ఉండి మొద్దుమీద పెచ్చులూడును. నీలము వరకు పోనిచ్చినచో కంపకే వంగును. నేరేడు రంగు తొంగిచూడగానే ఆయన కత్తిని మొత్తముగా నీళ్ళలో ముంచిరి. రంగు చూచుటకై మధ్యాహ్నము కూడ ఆ పాక తలుపు మూసియే ఉంచుదురట. బజారు కత్తి వీపును ఆకురాతితో గీసి చూడగా, వాదరయు వీపును ఒకే మెత్తన.

ఒట్టి గట్టిదనము కత్తి కాదనుటకు మన తెలుగునాటనే పెద్ద సాక్ష్యము కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కును కొనుటకు ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చెడివారు. అచ్చటి మూసల పనిని చూచి వ్రాసిన వాయిసీ అను శాస్త్రజ్ఞుని వ్యాసము 1832లో అచ్చైనది. మన 'ఉక్కు' అను మాటయే 'వూట్జు' అయి సముద్రములు దాటినదని పండితుల అభిప్రాయము. ఆ ఉక్కులో బొగ్గుపాలు నూటికి ఒకటిన్నర వరకు ఉండును. ఐరోపా కమ్మరులు కొందరు తమ అలవాటు చొప్పున దానిని తెల్లగా కాల్చి సుత్తి వేయగా ముక్కలైపోయినది. ఎంత కాల్చవలెనో తెలిసిన చేయి దానితో కలిసి ఓడ ఎక్కలేదు.

మా ప్రమాదమునకు అసలు హేతువు తోకలో దొరికినది. కత్తినుండి పిడిలోనికి పోవు ఇనుపతోక బజారు కత్తిలో రెండంగుళములు. అదియు జిగురుతో అతికినది. కుక్రీలో తోక పిడి పొడవునను పోయి, లక్కతో బిగిసి, వెనుక తల కొట్టబడి ఉన్నది. మచ్చుకత్తి తోకను ఎఱ్ఱగా కాల్చి తుమ్మకఱ్ఱలోనికి దింపి, మెడయొద్ద పొన్ను వేసిరి. కుక్రీ మెడయొద్ద ఉండు చిన్న గంటును గూర్చి ఆయన మమ్ము అడిగిరి. నెత్తురు పిడికి కారకుండ అని కొందరు, దేవతాచిహ్నమని కొందరు అందురని చెప్పితిమి. ఆయన ఒక క్షణము చూచి, "సాన పట్టేటప్పుడు రాయి ఇక్కడ ఆగుతుంది" అని ఊరకుండిరి. మాకు ఆ మాటయే నచ్చినది.

కొలిమిలో పని తగ్గినది నిన్న నేడు కాదు. రాజధాని రాకముందే ట్రాక్టరు వచ్చి నాగటికఱ్ఱుల పని తీసికొనిపోయినది. 2015లో తుళ్లూరు పొలములు భూసమీకరణ క్రిందికి పోగా పత్తిచేలు, మిరపచేలు పోయినవి, వాటితో కొడవళ్ళు పోయినవి. 2019 తరువాత రాజధాని పనులు నిలిచి, ఆ భూములలో సర్కారుతుమ్మ మనిషెత్తు మించి అడవివలె పెరిగెను. ఈ నేల మీద అంత కంప మునుపెన్నడును లేదు. 2024లో దానిని యంత్రములు తెచ్చి పెకలించిరి. మచ్చుకత్తికి పుట్టి బుద్ధెరిగిన తరువాత అంతటి పని ఎదురైనప్పుడు, దానిని ఎవరును పిలువలేదు.

మా ఊడిన కత్తిని ఆచారిగారు పారవేయలేదు. "ఇనుముదేం తప్పు లేదు" అని, పాత కమానుముక్కనొకటి దానికి అతికి తోక సాగదీసిరి. పిడి చెక్కబోవుచు, "కొట్టేది ఎవరు? మీరా?" అని అడిగిరి. కాదని చెప్పి, ఆ సాయంత్రమే కూలిమనిషిని పిలుచుకొని పోయితిమి. ఆయన ఆమె పిడికిలిని చూచి, "అమ్మా, చెయ్యి మూసి పట్టు" అని, వ్రేళ్ళకొనలు అరచేతిని తాకువరకు కఱ్ఱను చెక్కుచు పోయిరి. మొన ప్రక్కను కొంత అరుగదీసి, వ్రేలిపై నిలిపి చూచి, మరికొంత అరుగదీసిరి. ఆమె దానిని రెండుసార్లు గాలిలో ఆడించి తల ఊపెను. తక్కిన కంప ఆ కత్తితోనే తెగినది. పని ముగిసిన పిమ్మట దానిని మేము తిరిగి అడుగలేదు. అది మా చేతికి ఎటులను సరిపోదు.