వెల వేరు, విలువ వేరు

అమెరికా దేశమున ప్రతి వసంతారంభమునను, బేస్‌బాల్ పోటీలు మొదలగుటకు కొలది దినముల ముందు, ఒక చిత్రమైన వేలంపాట జరుగుచుండును. పాట పాడువారికి సొంతముగా మైదానము లేదు, జట్టును లేదు. కొనబడిన ఆటగానికి తన్నెవరో కొన్నారను సంగతియే తెలియదు. అయినను పది పండ్రెండుగురు మిత్రులు ఒక బల్ల చుట్టు చేరి, ముందు కాగితములు పరచుకొని, గంటల తరబడి హెచ్చుపాట పాడుచుందురు. నేడు చాలమంది ఎవరి యింట వారు కూర్చుండి కంప్యూటరు మీదనే ఈ పని కానిచ్చుచున్నారు. దీనికి ఫాంటసీ బేస్‌బాల్ అని పేరు. మనము ఊహాజట్ల ఆట యనవచ్చును. ఇందులో గెలుచు ఉపాయములను విచారించినచో, వెలకును విలువకును గల తేడా చక్కగా బోధపడునని మేము తలంచుచున్నాము.

ముందుగా అసలు ఆటను గూర్చి నాలుగు మాటలు. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దూరపు చుట్టము. పిచర్ బంతిని విసరును, బ్యాటరు కొట్టును. బేసులన్నిటిని చుట్టివచ్చినచో ఒక పరుగు. బంతిని మైదానపు సరిహద్దు దాటించినచో అది హోమ్ రన్. ఎదుటివారు ఏమరియున్న అదను చూచి ఒక బేసు నుండి తరువాతి బేసునకు పరుగెత్తుటను బేసు దొంగిలించుట అందురు. పెద్ద లీగులలో 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 ఆటలాడును. అందలి ప్రతి దెబ్బకును, ప్రతి పరుగునకును లెక్క వ్రాయబడును. ఆ లెక్కలే ఊహాజట్లకు ఊపిరి. మనము ఎన్నుకొన్న ఆటగాండ్రు నిజమైన మైదానములో చేసినదంతయు మన ఖాతాలో జమ అగును.

ఈ వినోదమునకు పూర్వరూపము 1960లో పుట్టినది. విలియం గామ్సన్ అను సమాజశాస్త్రవేత్త తన మిత్రులతో కలిసి ‘బేస్‌బాల్ సెమినార్’ అను పేర ఒక ఆట నడపెను. ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయమునకు పోవగా ఆట కూడ వెంట పోయినది. అచ్చట దానిని ఆడిన రాబర్ట్ స్క్లార్ అను ఆచార్యుని ద్వారా ఆ సంగతి ఆయన శిష్యుడు డేనియల్ ఓక్రెంట్ చెవిని పడినది. ప్రచురణరంగమున పనిచేయుచుండిన ఓక్రెంట్ 1979వ సంవత్సరాంతమున దానికి క్రొత్త నియమములు కూర్చెను. 1980 వసంతమున తొలి వేలము జరిగినది. మిత్రులు కలిసికొనుచుండిన న్యూయార్కు నగరపు భోజనశాల పేరు ‘లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్’. అందుచేత ఆ పద్ధతికి రోటిస్సరీ లీగ్ అను పేరు నిలిచినది. 1984లో దానిపై పుస్తకము వెలువడిన పిమ్మట అది దేశమంతట ప్రాకినది.

ఆ పద్ధతిలో స్థిరపడిన నియమములు సరళమైనవి. ఒక్కొక్క యజమానికి 260 డాలర్లు. దానితో 23 మంది ఆటగాండ్రను కొనవలెను. వారిలో 14 మంది బ్యాటర్లు, 9 మంది పిచర్లు. బ్యాటర్లకు సరాసరి, హోమ్ రన్‌లు, ఇతరులచే చేయించిన పరుగులు, దొంగిలించిన బేసులు అను నాలుగు కొలతలు. పిచర్లకు మరి నాలుగు. తరువాత ఈ ఎనిమిది కొలతలు పది యైనవి. పండ్రెండుగురు ఆడుచున్నప్పుడు ఒక్కొక్క కొలతలో మొదటివానికి 12 అంకములు, చివరివానికి ఒకటి. అన్నియు కూడగా ఎవరికి హెచ్చుగా వచ్చునో వానిదే గెలుపు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక ఆటగాని విలువ యెంత? క్రొత్తగా చేరినవాడు, హెచ్చు హోమ్ రన్‌లు కొట్టినవానికి హెచ్చు విలువ అనును. ఇది సగము నిజము. పండ్రెండుగురు 23 మంది చొప్పున కొన్నచో 276 మంది అమ్ముడుపోవుదురు. ఆ పిమ్మట 277వ వాడు ఉచితముగానే దొరకును. వీనిని మనము మిగులువాడు అందము. మిగులువాడు సయితము ఏవో కొన్ని పరుగులు చేయును. కావున నీవు డబ్బిచ్చి కొనుచున్నది ఆటగాడు చేయు పనినంతటిని కాదు. మిగులువాని కంటె హెచ్చుగా చేయు పనిని మాత్రమే. ఈ ఒక్క సూత్రమును మనసున పట్టించుకొన్నవానికి సగము వేలము గెలిచినట్లే.

డబ్బు విషయమున కూడ ఇదే లెక్క. పండ్రెండుగురి వద్ద గల మొత్తము 3,120 డాలర్లు. ప్రతి ఆటగానికిని కనీసము ఒక డాలరు ఈయక తప్పదు గనుక 276 డాలర్లు పక్కకు పోవును. తక్కిన 2,844 డాలర్లే నిజముగా ప్రతిభ కొరకు పోటీపడు సొమ్ము. తెలిసినవారు వేలమునకు ముందే ఆ సొమ్మును ఆటగాండ్ర మిగులు ప్రతిభ ననుసరించి పంచి, ఎవరికి ఎంతవరకు పాడవలెనో కాగితము మీద వ్రాసికొందురు. సభలో వేడి పుట్టినప్పుడు వారిని కాపాడునది ఆ కాగితమే.

ఇక స్థానమును బట్టి విలువ యెట్లు మారునో చూతము. బ్యాటరునకు వెనుక నిలిచి బంతిని పట్టువాడు క్యాచర్. ఆ పని మోకాళ్లను అరగదీయు పని. దానికి తగినవారిలో గట్టి బ్యాటర్లు అరుదు. నియమము ప్రకారము ఒక్కొక్క ఊహాజట్టునకు ఇద్దరు క్యాచర్లు కావలెను. అనగా పండ్రెండు జట్లకు 24 మంది. నిజమైన జట్లు 30. ఒక్కొక్క జట్టునకు ముఖ్యమైన క్యాచర్ ఒక్కడే. బావి అడుగు వరకు తోడవలసివచ్చును. బయటి మైదానమును కాయువారు 60 మంది కావలెను. వారు 30 జట్లలో 90 మంది కలరు. మచ్చునకు, 25 హోమ్ రన్‌లు కొట్టు క్యాచరును, 30 కొట్టు బయటి మైదానపు ఆటగానిని తీసికొందము. మిగులు క్యాచర్ ఆరు, మిగులు మైదానపు ఆటగాడు 15 కొట్టుదురనుకొన్నచో, మొదటివాని లాభము 19, రెండవవాని లాభము 15 మాత్రమే. తక్కువ కొట్టినవానిదే హెచ్చు విలువ! 1997లో లాస్ ఏంజలస్ డాడ్జర్స్ క్యాచర్ మైక్ పియాజా .362 సరాసరితో 40 హోమ్ రన్‌లు కొట్టెను. మైదానమున అది గొప్ప ఆట. ఊహాజట్ల లెక్కలో అది నిధి.

అరుదైనది సులభమైనచో విలువ తగ్గునని చెప్పుటకు దృష్టాంతము దూరమున లేదు. 2022లో పెద్ద లీగులన్నిట కలిసి 2,486 బేసులు దొంగిలింపబడినవి. వేగముగల ఆటగాండ్రకు ఆనాడు వేలములో గిరాకి మెండు. 2023లో నియమములు మారినవి. బేసుల పలకల వెడల్పు 15 అంగుళముల నుండి 18 అంగుళములకు పెరిగినది. బేసు మీదివానిని బెదరించుటకు పిచర్ అడుగు వెనుకకు తీయు అవకాశములకు రెండను పరిమితి వచ్చినది. ఆ ఏట దొంగతనములు 3,503కు పెరిగినవి. ముందటి ఏట 30 బేసులు దొంగిలించి మెప్పుపొందినవాడు, అదే పని తిరిగి చేసినను, మునుపటి వెల పలుకడు. వాని కాళ్ల వేగము తగ్గలేదు. చుట్టునున్న లోకము మారినది.

మరి రెండు మెలకువలు గలవు. సరాసరిని చూచునప్పుడు ఎన్ని పర్యాయములు ఆడెనో కూడ చూడవలెను. జట్టు సరాసరి .260 ఉన్నదనుకొందము. 600 పర్యాయములాడి .300 తెచ్చినవాడు 24 దెబ్బలను అదనముగా కూర్చును. 200 పర్యాయములాడి .320 తెచ్చినవాడు కూర్చునవి పండ్రెండే. పైకి మెరయునది రెండవ అంకె, బరువైనది మొదటిది. రెండవ మెలకువ: ఒక కొలతలో ఎదుటివానిని ఒక్క హోమ్ రన్‌తో మించినను 12 అంకములే, యాభైతో మించినను 12 అంకములే. కావున ఇదివరకే నిండిన గాదెలో ఇంకను ధాన్యము పోయుట వ్యర్థము. ఒకే ఆటగాడు ఒక యజమానికి అమృతము, మరియొకనికి అక్కరలేని భారము కావచ్చును.

పిచర్ల విషయమున అనుభవజ్ఞులు చేయి బిగించియే యుందురు. మొత్తము సొమ్ములో మూడింట రెండు వంతులకు పైగా బ్యాటర్లకే ఖర్చుచేయుట పరిపాటి. కారణము మోచేయి. వేగముగా విసరుటచే అందలి నరములవంటి కట్లు తెగును. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అను పిచరునకు తొలిసారిగా ఒక శస్త్రచికిత్స చేసి ఆ చేతిని నిలిపెను. నేటికిని ఆ చికిత్సను ఆ పిచర్ పేరనే పిలుచుచున్నారు. అది చేయించుకొన్నవాడు సాధారణముగా ఏడాదికి పైబడి మైదానమునకు దూరము. ఆధిక్యమును నిలిపి ఆట ముగించు పిచర్ల సంగతి మరియు చంచలము. నేటి ముఖ్యుడు నాలుగు చెడ్డ రాత్రులతో రేపు పదవి కోల్పోవును.

వేలములో నడవడి కూడ ఒక విద్యయే. నీకు అక్కరలేని ప్రసిద్ధుని పేరు మొదట నీవే పలుకుట మంచిది. ఇతరుల సంచులు తేలికపడును. అట్లని చివరి వరకు సంచి విప్పక కూర్చుండరాదు. వేలము ముగిసిన పిమ్మట చేత మిగిలిన డాలరు కాలిపోయిన కాగితముతో సమానము. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను.

కొందరు వేలము మాని వంతులవారీగా ఎన్నుకొందురు. దీనిని డ్రాఫ్ట్ అందురు. మొదటి విడత ఒకటి నుండి పండ్రెండు వరకు, రెండవ విడత వెనుకకు, పాము మెలిక తిరిగినట్లు సాగును. మొదటి ఎంపిక దొరికినవానికి తరువాతిది 24వది. నడుమ 22 మంది వెడలిపోవుదురు. అందుచేత అతడు అడుగవలసిన ప్రశ్న ‘ఇప్పుడు ఎవరు ఉత్తములు?’ అన్నది మాత్రమే కాదు. ‘నా వంతు మరల వచ్చునప్పటికి ఎవరు మిగులుదురు?’ అన్నది కూడ. ఒక స్థానమున సమానులు ఐదుగురున్నచో తొందర లేదు. ఒక్కడే యుండి, వాని తరువాత పెద్ద గొయ్యి యున్నచో వెంటనే పట్టుకొనవలెను.

ఇంత లెక్క చెప్పిన పిమ్మట, లెక్కకు అందనిదొకటి చెప్పక తీరదు. అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్ 2023లో 41 హోమ్ రన్‌లు కొట్టి 73 బేసులు దొంగిలించెను. ఒకే ఏడాదిలో 40 హోమ్ రన్‌లు, 70 బేసులు కూర్చినవాడు అంతకుముందు ఎవడును లేడు. 2024 వసంతమున మొదటి వంతు దక్కినవారిలో అధికులు అతని పేరే చెప్పిరి. లెక్క ప్రకారము అది తప్పు కాదు. మే నెల 26వ తేదీన పిట్స్‌బర్గులో అతని ఎడమ మోకాలి కట్టు తెగినది. ఆ ఏడాది అతడు ఆడినవి 49 ఆటలే. 2021లో కుడి మోకాలికి అదే గతి పట్టినది. ఆ సాయంకాలము వేలకొలది యజమానులు చేతులు కాలిన పిమ్మట ఆకులు వెదకిరి. వారి నష్టము ఒక పట్టికలోని గడి. ఆటగాని నష్టము రెండవసారి నడక నేర్చుకొనుట. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచువాడు ఆటను తెలిసినవాడు కాడు. చీట్ల మీది అంకెకు వెనుక ఒక మోకాలు, ఒక మోచేయి, ఒక ఇల్లు ఉన్నవని మరువకుండుటయే ఈ వినోదమునకు మర్యాద.

విలువను ముందుగా కనుగొనుట ఊహాజట్లవారికే కాదు, నిజమైన జట్లవారికి సయితము దుర్ఘటము. ఇంతకుముందు చెప్పిన మైక్ పియాజానే చూడుడు. 1988లో పెద్ద లీగుల జట్లు యువకులను ఎన్నుకొన్నప్పుడు అతని పేరు వినబడినది 62వ విడతలో. అతని సంఖ్య 1,390. అతనికి ముందు 1,389 పేర్లు పలికిన అనుభవజ్ఞులకు కన్నులు లేక కాదు. ఆనాడు అతనికి కట్టిన వెల అది. 2016లో అదే యువకుడు బేస్‌బాల్ కీర్తిమందిరమున ప్రవేశించెను. ఇక ఊహాజట్ల నియమములను కూర్చిన ఓక్రెంట్ సంగతి మరియు చోద్యము. ఎదుటివారికి పిచర్ ఎన్ని అవకాశములిచ్చెనో కొలుచుటకు ఆయన కల్పించిన నిష్పత్తిని నేడు నిజమైన ఆటలోను వాడుచున్నారు. కాని తాను స్థాపించిన లీగులో ఆయన ఒక్కమారైనను గెలువలేదు.

వెల యనునది ఒక సాయంకాలపు బల్ల చుట్టు పుట్టును. విలువ యనునది ఆ తరువాతి 162 ఆటలలో, కొందరి విషయమున ఆ తరువాతి ఇరువది యేండ్లలో, తేలును. నడుమ నున్న కాలములో మనము చేయదగినది, శ్రద్ధగా లెక్కవేయుట, ఆ పిమ్మట లెక్కను అధికముగా నమ్మకుండుట.