లేని కార్డుకు దారి



స్నాతకోత్సవంలో మాట్లాడమంటే రాబోయే కాలం గురించి చెప్పడం ఆనవాయితీ. నాకు జోస్యం చేతకాదు. మీరు ఊయలలో ఉండగానే మూలన పడిపోయిన ఒక సాఫ్ట్‌వేర్ గురించి చెబుతాను. దాని పేరు హైపర్‌కార్డ్. 1987 ఆగస్టులో యాపిల్ కంపెనీ విడుదల చేసింది. తయారుచేసినాయన బిల్ అట్కిన్సన్, 2025లో కన్నుమూశారు.

తెర మీద ఒక కార్డు కనిపిస్తుంది. అందులో బొమ్మ గీయొచ్చు, మాటలు రాయొచ్చు, బటన్ పెట్టొచ్చు. ఆ బటన్ నొక్కితే ఇంకో కార్డుకు వెళతాం. ఇలాంటి కార్డుల కట్టను స్టాక్ అనేవారు. బటన్ వెనక రాసే ప్రోగ్రాం ఎలా ఉండేదో వినండి: 'ఆన్ మౌస్‌అప్, గో టు నెక్స్ట్ కార్డ్, ఎండ్ మౌస్‌అప్.' అంతే, మూడు ముక్కలు. ఐదో తరగతి ఇంగ్లీషు వచ్చినవాడికి కూడా అది ఏం చేస్తుందో అర్థమవుతుంది. చేసిన మార్పు సేవ్ చేయాలా అని కూడా అడిగేది కాదు, తనే దాచుకునేది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. దాన్ని వాడేవాళ్లకు ఐదు మెట్లు ఉండేవి. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లు చూడటం వరకే. తర్వాత మాటలు టైపు చేయడం, ఆపైన బొమ్మలు గీయడం, ఆపైన బటన్లు, కార్డులు తయారుచేయడం, చివరిది ప్రోగ్రాం రాయడం. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ చూపించక్కర్లేదు. సెట్టింగుల్లో ఒక గడి మార్చుకుంటే చాలు. పట్టాలిచ్చే రోజున ఈ మాట అనకూడదేమో, ఉపకులపతి గారు క్షమించాలి.

హైపర్‌కార్డ్ నడిచే మెకింటాష్ కంప్యూటర్ అప్పట్లో మన మధ్యతరగతి ఇళ్ల ఛాయలకు వచ్చే ధరలో లేదు. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు వచ్చినవి బీబీసీ మైక్రో కంప్యూటర్లు, మెమరీ 32 కిలోబైట్లు. అమెరికా బడుల్లో మాత్రం 1989లో రోజర్ వాగ్నర్ యాపిల్ 2జీఎస్ కంప్యూటర్ కోసం తెచ్చిన, హైపర్‌కార్డ్ లాంటి హైపర్‌స్టూడియోతో పిల్లలు రంగులు, శబ్దాలు కలిపి పాఠాలు తయారుచేశారు. విండోస్‌లో ఆ పని చేసింది పాల్ అలెన్ స్థాపించిన అసిమెట్రిక్స్ వారి టూల్‌బుక్. ఆ కంపెనీ పేర్లు మారి, విలీనమై, 2004లో సమ్‌టోటల్ అయింది. హైదరాబాద్‌లో ఆ సమ్‌టోటల్ ఆఫీసులో పనిచేసిన మనవాళ్లు ఎందరో.

హైపర్‌కార్డ్‌లో పెద్ద లోపం ఒకటుంది. ఆ లింకులన్నీ ఒకే పెట్టెలో తిరిగేవి. పక్కింటి కంప్యూటర్లో ఉన్న కార్డుకు దారి లేదు. కంప్యూటర్లను కలిపే వైపు తన ఆలోచన పోలేదని అట్కిన్సన్ తర్వాత ఒప్పుకున్నారు. 1990లో టిమ్ బెర్నర్స్‌లీ వెబ్‌తో ఆ గోడ తీసేశాడు. ఆయన మొదటి బ్రౌజర్లో చదవడంతో పాటు రాయడం కూడా కుదిరేది. 1993లో జనంలోకి దూసుకెళ్లిన మొజాయిక్ బ్రౌజర్లో ఆ రాసే వైపు లేదు. మన చేతుల్లోని ఫోన్లు ఆ వంశంలోవే. బొటనవేలు పైకి తోయడమే పని.

అయితే ఒక పిల్లకాలువ వేరేగా పారింది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఇంజనీరు హైపర్‌కార్డ్‌లో ఒక స్టాక్ చేసుకున్నాడు: ఎవరు, ఏ ఆలోచన, ఏ పని. అందులో ఒక చమత్కారం పెట్టాడు. ఒక పేరు రాస్తే, ఆ పేరుతో కార్డు లేకపోయినా లింకు ఏర్పడేది. దాన్ని పట్టుకుని వెళితే అక్కడికక్కడే కొత్త కార్డు పుట్టేది. అదే ఊహను 1995లో ఇంటర్నెట్ మీద పెట్టి వికీ అన్నాడు. 2001లో వికీపీడియా వచ్చింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇవాళ అందులో వ్యాసాలు లక్ష దాటాయి. అందులో అక్కడక్కడా ఎర్రగా కనిపించే లింకులు గమనించారా? పేరుంది, పేజీ లేదు. కన్నింగ్‌హామ్ కార్డు అదే.

అలా పేరుండి పేజీ లేని సంగతులకు మన పాలకాయతిప్ప ఊరినే తీసుకోండి. కోడూరు మండలం కొసన, సముద్రం ఒడ్డున ఉంది. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, మాఘ పౌర్ణమి స్నానాలు, మెరైన్ పోలీస్ స్టేషన్, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు, బయటివాళ్లు కూడా. మరి నది మొగ దగ్గర ఇసుక ఏ ఏడు ఎటు జరిగింది? ఏ పోటుకు ఏ వల వేస్తారు? మడ అడవిలో ఏ పాయ మీదుగా పడవ పోతుంది, ఏది పూడిపోయింది? వీటికి పేర్లున్నాయి, పేజీలు లేవు. 1977 నవంబరు 19 ఉప్పెన మీద అంకెలు దొరుకుతాయి. చెట్టు కొమ్మ పట్టుకుని బతికిన మనిషి ఆ చెట్టెక్కడుందో చూపిస్తూ చెప్పే మాట దొరకదు. ఆనాటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. ఆ మాటలు వాళ్ల దగ్గర కూర్చుని వినగలిగేది వాళ్ల యాస తెలిసిన మీరే. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కెమెరా పట్టుకొచ్చినవాళ్లకు 'పోటు', 'పాటు' అంటే ముందు అర్థం చెప్పాలి.

ఒక పని సంగతి చెప్పి ముగిస్తాను. యాపిల్ 2004లో హైపర్‌కార్డ్ అమ్మకం ఆపేసింది. ఆ స్టాకులను ఇప్పుడు పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముల్లో తెరుచుకోవాల్సి వస్తోంది. మన దగ్గరా అదే జరిగింది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికే నాగార్జున గారు పద్మ అనే పరికరం చేయాల్సి వచ్చింది. కాబట్టి మీ తాతగారి మాటలు ఎక్కించేటప్పుడు యూనికోడ్‌లో కొట్టండి. రికార్డు చేస్తుంటే ముందుగా పేరు, ఊరు, తేదీ ఆయన నోటితోనే చెప్పించండి. పెళ్లి శుభలేఖకు మాత్రం మీకు నచ్చిన ఫాంటు వాడుకోండి, కాదనను.

 బయట ఫొటోల కోసం మీవాళ్లు ఎదురుచూస్తున్నారు, నేను కూర్చుంటాను.