కణముల పొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



తెలుగున “అంటు” అను మాటకు రెండు ముఖములు కలవు. అంటుకొనుట యనగా అతుకుకొని యుండుట. మామిడికి అంటు గట్టుట మీరందరు నెరిగినదే. అంటు అనగా ఒకరినుండి మరియొకరికి ప్రాకు దోషమనియు నర్థము. మొదటి అంటు తెగి బాధపడుచున్న రోగిని, రెండవ అంటు కలవాడని తలచి దూరముగా నుంచు ఆచారము పల్లెలలో కలదు. ఆ రోగమెట్టిదో తెలియవలెనన్న, దేహములోని కణములు ఒండొంటిని ఎట్లు పట్టుకొని యున్నవో ముందు తెలియవలెను.

మన గురుభక్తుల కొండమీద పూర్వపు బౌద్ధ కట్టడముల ఇటుకలను మీలో చాలమంది చూచియే యుందురు. ఇటుక నేటికిని గట్టిదే. నడుమనున్న పట్టు పోయినచోటనే గోడ కూలినది. దేహమును అట్టిదే. ఎదిగిన మనుష్యుని శరీరమున కణములు సుమారు 30 లక్షల కోట్లని శాస్త్రజ్ఞుల అంచనా. (లెక్కలు వ్రాసి బ్రదుకు నాకును ఇంత అంకె దినవహిలో ఎన్నడును తగులలేదు.) వీనిలో అధికభాగము నెత్తుటిలో విడివిడిగా తేలియాడు ఎఱ్ఱకణములే. తక్కినవి మాత్రము చర్మముగా, ప్రేగుగా, గుండెగా ఒండొంటిని పట్టుకొని యుండవలెను.

అన్నంభట్టు తన తర్కసంగ్రహమున “స్నేహము” అను గుణము నొకదానిని చెప్పినాడు. పొడిగానున్న పిండి నీరు తగులగనే ముద్ద యగుటకు ఆ గుణమే హేతువట. స్నేహమనగా చెలిమియు నగును, నూనెయు నగును. ఇంత పొందికయైన మాట కణముల విషయమున మరియొకటి నాకు తోపలేదు. అయితే కణముల స్నేహము నీటి గుణము కాదు. అది కొన్ని మాంసకృత్తుల పని. జపాను దేశస్థుడగు మసతోషి తాకెయిచి 1970 దశకమున కణములను విడదీసి, మరల కలియునో లేదో పరీక్షించెను. విడదీయునపుడు కాల్షియము ఉన్నచో కణములకు మరల కలియు శక్తి నిలిచినది; లేనిచో పోయినది. అట్లు కాల్షియముతో పనిచేయు మాంసకృత్తులకు తరువాత కాడ్హెరిన్లని పేరు పెట్టిరి. సున్నమునకు మూలధాతువు కాల్షియమే గదా! గోడకును కణమునకును పట్టు ఒక్కచోటనే దొరకినదని నాకు ముచ్చట వేసినది.

చర్మమున, నోటి లోపలి పొరయందు ఈ పని చేయు కాడ్హెరిన్లకు డెస్మోగ్లీన్లని పేరు. మన దేహమున పగవారిపై ప్రయోగించుటకు ప్రతిరక్షకములను ఆయుధములు తయారగుచుండును. ఒక్కొక్కరి విషయమున ఆ ఆయుధములు తప్పుదారి పట్టి, స్వంత డెస్మోగ్లీన్లమీదనే పడును. పట్టు విడిపోయి, కణముల నడుమ నీరు చేరి, బొబ్బలు లేచును. చాలమందికి మొదట నోటిలో పుండ్లు పుట్టి మానవు. ఆ తరువాత ఒంటిమీద బొబ్బలు వచ్చి, చిట్లి, పచ్చిపుండ్లగును. దీనికి పెంఫిగస్ వల్గారిస్ అని పేరు. 1950 దశకమున స్టెరాయిడు మందులు వాడుకలోనికి రాకముందు ఈ రోగము వచ్చినవారిలో పెక్కుమంది కొలది యేండ్లలోనే మరణించుచుండిరి. ఈ ప్రతిరక్షకముల గురి ఒక కాడ్హెరినే యని 1991లో అమగాయి, స్టాన్లీ మొదలగువారు అమెరికాలో కనుగొనిరి.

ఇక మన సంగతి. ఒంటిమీద బొబ్బలు కనబడినతోడనే “అమ్మవారు” అందుము. మశూచికము భూమిమీదనే లేదని 1980లో ప్రకటించిరి. ఆటలమ్మ నేటికిని కలదు. అది నిజముగా అంటువ్యాధియే, దానికి ఎడముగా నుంచుట న్యాయమే. పెంఫిగస్ అట్టిది కాదు. తాకినను, కలిసి భుజించినను, ఒక్క దుప్పటి కప్పుకొన్నను రాదు. వేరు కంచము, వేరు పంచ, వేపమండలు, వీనితో నెలలు గడిపి, పుండ్లు చీము పట్టిన తరువాత ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. ఆ గడచిన నెలలే ప్రాణాంతకములు.

రోగము ఇదియే యని నిర్ణయించుటెట్లు? బొబ్బ అంచున చర్మము కొంచెము కోసి సూక్ష్మదర్శినితో చూతురు. నెత్తురు పరీక్షయు నొకటి కలదు. దానికి మానవ డెస్మోగ్లీన్ కావలెను. అది మనుష్యుని చర్మమునుండి తీయ పూనుకొన్న ఎందరి చర్మమును చాలదు. కనుక నకలు వ్రాయించిరి. మాంసకృత్తు చేయు విధమంతయు జన్యువునందు వ్రాసియుండును. దస్తావేజుకు నకలు తీసినట్లు ఆ జన్యువు నకలు తీసి, వేరొక ప్రాణి కణములోనికి పంపినచో, ఆ కణము ఎవరి పత్రమని విచారింపక, వ్రాసినది వ్రాసినట్లు చేసి పెట్టును. దీనినే రీకాంబినెంట్ పద్ధతి యందురు. డెస్మోగ్లీన్ సరిగా ముడుచుకొననిచో పనికిరాదు గనుక, దానిని కీటక కణములలో చేయించిరి. కీటకములకు సోకు ఒక వైరసు ఆ నకలును మోసికొనిపోయెను. ఇట్టి పనులకు పేరుపడిన కీటక కణములలో ఒక జాతి ఎక్కడిదో వినిన మీరు ఆశ్చర్యపడుదురు. 2018లో మన దేశమున ప్రవేశించి మొక్కజొన్న చేలను తినివేయుచున్న కత్తెరపురుగుదే! ఆ పురుగు ప్యూపా దశలోని అండాశయమునుండి తీసిన కణములు నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. రైతునకు శత్రువైనది రోగికి కూలి చేయుచున్నది.

ఈ విద్య తెలుగువారికి క్రొత్త కాదు. వృత్తిచే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరగు కె. ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేర హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ స్థాపించెను. ఆ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను వెలువరించెను. అందు వైరసు పైపొరలోని మాంసకృత్తును ఈస్టు కణములచేత చేయించిరి. ఆ పద్ధతిన మన దేశమున తయారైన మొదటి టీకా అదియే. దిగుమతి సరకుకంటె చాల చౌకగా జనులకు అందెను.

డెస్మోగ్లీన్ మాత్రము టీకా కాదు, మందును కాదు. చిన్న గుంటలుగల పలకపై దానిని అంటించి, రోగి నెత్తుటి తేటను పోయుదురు. తప్పుదారి పట్టిన ప్రతిరక్షకములున్నచో అవి అచ్చటనే పట్టుకొని నిలుచును. తరువాత వేయు ద్రవములచే రంగు పుట్టును. రంగు ముదిరిన కొలది ప్రతిరక్షకము లెక్కువ. చికిత్సతో రోగము తగ్గుచున్నదో లేదో తెలిసికొనుటకును ఇది తోడ్పడును. పరిశోధకులకు ఇట్టి మాంసకృత్తులను విడిగా అమ్ముదురు. వాని సీసాలపై “పరిశోధనకు మాత్రమే” అని వ్రాసియుండును, అనగా మనుష్యుల ఒంటికి ఎక్కింపరాదని. తూకము మైక్రోగ్రాములలో. బియ్యపుగింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగుననుకొన్న, 100 మైక్రోగ్రాములనగా ఆ గింజలో 200వ వంతు. ఆ కొంచెమునకు వేలకొలది రూపాయలు పోయుదురు.

కావున నోటిపుండ్లు రెండు మూడు వారములు దాటియు మానకున్నను, బొబ్బలు చిట్లి మరల మరల లేచుచున్నను, ఆలస్యము చేయక విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట చర్మవ్యాధుల వైద్యునికి చూపింపుడు. మందులు చాలకాలము వాడవలసి యుండును. కొంచెము నెమ్మదించినదని స్టెరాయిడు మాత్రలను తమంతట తాము హఠాత్తుగా మానుట అపాయకరము. తోడుగా వెళ్లువారు రోగి ప్రక్కనే కూర్చుండవచ్చును, అతని చేయి పట్టుకొని బస్సు ఎక్కింపవచ్చును.