మాయాలోకములు - మన పిల్లలు

(రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



25 ఏండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపు పిల్లలకు తెరచియే యున్నది. ఇప్పుడు మన కంప్యూటరును మాత్రము వారికి మూయవలెనని కొందరు పెద్దలు సూచించుచున్నారు. ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ యోచన మనయూరిదే కాదు. ఆస్ట్రేలియా 2024లో శాసనము చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు నిషేధించినది. జరిమానా కంపెనీలకే గాని పిల్లలకు, తల్లిదండ్రులకు లేదు. ఆ శాసనమును పరిశీలించుచున్నామని 2026 జనవరిలో మన మంత్రి నారా లోకేశ్‌గారు దావోస్‌లో తెలిపిరి.

ఈ భయము నిరాధారము కాదు. బొమ్మ ముసుగు వేసికొని మన బిడ్డతో మాటలాడువాడు ఎవడో తల్లికి తెలియదు. కాని ఆస్ట్రేలియా జాబితాలో ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటివి చేరినవే గాని, పిల్లలు బొమ్మరూపము దాల్చి విహరించు రోబ్లాక్స్ వంటి ఆటలోకములు అమలునాటికి చేరలేదు.

ఇక మన పల్లెల సంగతి. ఫోను తండ్రిది, నంబరు తండ్రిది, వ్రాసిన వయస్సు తండ్రిది, ఆడువాడు కొడుకు. 2023 నాటి మన దేశ శాసనము 18 ఏండ్లలోపువారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి నియమించినది. సమ్మతి కోరు సందేశము ఆ ఫోనునకే వచ్చినచో మీట నొక్కువాడెవడు?

2006లో అమెరికా ప్రతినిధుల సభ, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలు, గ్రంథాలయములు ఇట్టి తావులను పిల్లలకు అడ్డగింపవలెనను బిల్లును 410-15 ఓట్లతో ఆమోదించినది. సెనేటు ఆమోదింపనందున అది శాసనము కాలేదు. అయిన నేమి జరిగియుండెడిది? ఇంట కంప్యూటరున్న బిడ్డకు అడ్డు లేదు. గ్రంథాలయమే దిక్కైన పేదబిడ్డకే అడ్డు. మనమును ఆ పనియే చేయుదుమా?

ఆళ్ళగడ్డ శిల్పులను చూడుడు. ఉలి పదునైనదే. అంతమాత్రమున తండ్రి కొడుకునకు ఉలిని నిరాకరింపడు. పనికిరాని రాతిముక్క నిచ్చి, ప్రక్కన కూర్చుండి, చేయి పట్టి నేర్పును.

కంపెనీలపై శాసనము కఠినముగనే యుండవలెను. ప్రక్కన కూర్చుండు పని మాత్రము ఏ శాసనమును చేయజాలదు. కావున సాయంకాలము రెండు గంటలు కంప్యూటరు చెంత పెద్ద యొకరుండునట్లు కమిటీవారు ఏర్పాటు చేయుదురు గాక. నంద్యాలలో చదువుచున్న మన యువకులు సెలవులలో వంతులు పంచుకొందురు గాక. శనివారపు వంతు నాది.

సెలవు.