ఆ ఇద్దర్నీ వదిలేసి రమ్మన్నారు

(దళిత యువజనుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆటల్లో కులమేంది మాస్టారూ అని మీలో కొందరు అడుగుతుంటారు. ఇయ్యాల అమెరికాలోని ఒక కాలేజీ జట్టు సంగతి చెబుతా, వినండి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకొని, మీదపడేవాళ్లను తప్పించుకుంటూ అవతలి గీత దాటాలి. మన చెడుగుడు ఆడినోళ్లకు తొందరగానే అర్థమైతది.

1951వ సంవత్సరం. శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం. జెస్యూట్ ఫాదర్లు నడిపే చిన్న విద్యాసంస్థ. జట్టులో ఇద్దరు నల్లవాళ్లు: ఆలీ మాట్సన్, బర్ల్ టోలర్. మిగతా తెల్లవాళ్లలో జీనో మార్చెట్టి అనే అతను వలస వచ్చిన ఇటలీ కుటుంబంవాడు, రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యంతో తలపడి వచ్చినవాడు. ఆ ఏడు తొమ్మిది ఆటలాడి తొమ్మిదీ గెలిచారు. మాట్సన్ ఒక్కడే 1,566 గజాలు బంతి పట్టుకొని ఉరికాడు. దేశంలో ఆ ఏడు అదే ఎక్కువ.

సీజను ముగిశాక గొప్ప జట్లను పిలిచి ఆడించే పోటీలుంటాయి, వాటిని బౌల్ అంటారు. మయామీలో జరిగేది ఆరెంజ్ బౌల్. అది దక్షిణాది. బస్సులో సీటు వేరు, బడి వేరు, మంచినీళ్ల కుళాయి వేరు, అదీ చట్టం పెట్టి మరీ. అక్కణ్నుంచి కబురొచ్చిందని ఆటగాళ్లే తర్వాత చెప్పారు. రండి, కాని ఆ ఇద్దర్నీ వదిలేసి రండి అని!

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. కాలేజీ అప్పటికే ఫుట్‌బాల్ మీద నష్టాల్లో ఉంది. బౌల్‌కు పోతే డబ్బొస్తది, జట్టు బతుకుతది. తెల్ల కుర్రాళ్లకు పేరొస్తది. "పాపం, మేం సానుభూతి చూపిస్తాం, ఈసారికి మీరు సర్దుకోండి" అనొచ్చు. మనం ఈ మాట ఎన్నిసార్లు వినలేదు? వాళ్లు అట్లా అనలేదు. ఆడితే అందరం ఆడతాం, లేకుంటే లేదన్నారు. పోలేదు. ఆ సీజను తర్వాత కాలేజీ జట్టునే ఎత్తేసింది.

మన ఊళ్లల్లో కబడ్డీ పోటీలకు మన పిల్లగాడు కావాలి. గెలిపిస్తే భుజాల మీద ఎత్తుకుంటరు. హోటల్ కాడికి పోయేసరికి గ్లాసు వేరే. అప్పుడు జట్టులోని తక్కిన పదిమంది ఏం చేస్తున్నరు? తమ గ్లాసులో తాము టీ తాగుతున్నరు. నేనడిగేది ఆ పదిమందిని. క్రికెట్‌లో పల్వంకర్ బాలూ, చమార్ కులస్తుడు, 1911లో ఇంగ్లండు పోయి 114 వికెట్లు తీసినవాడు. 1920లో బొంబాయి పోటీలకు హిందువుల జట్టులోంచి ఆయన్ని తప్పిస్తే, నిరసనగా బయటికొచ్చింది ఆయన తమ్ముళ్లు విఠల్, శివరామ్. సొంత తమ్ముళ్లు!

మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పరుగుపందెంలో రెండు పతకాలు తెచ్చాడు. టోలర్‌కు అదే ఏడు మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. ఆయన బడిపంతులయ్యాడు, హెడ్మాస్టరయ్యాడు (మా ఉద్యోగమే, చెప్పుకోడానికి నాకు సంతోషం). 1965లో వృత్తి ఫుట్‌బాల్ లీగులో మొదటి నల్లజాతి అంపైరింగ్ అధికారిగా మైదానంలో దిగాడు. వెనక్కి పెట్టమన్న మనిషే ఈల పట్టుకొని తెల్లవాళ్ల తప్పులు చెప్పాడన్నమాట.

ఆ విశ్వవిద్యాలయంలో ఒక హాస్టలుకు ఫీలన్ అనే సెనేటరు పేరుండేది. కాలిఫోర్నియా తెల్లవాళ్లదిగానే ఉండాలని ఆసియావాళ్ల మీద ప్రచారం చేసినవాడు. విద్యార్థులు ఊరుకోలేదు. 2017లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడది బర్ల్ టోలర్ హాస్టలు.