చెరువు మట్టి పట్టి ఉంచేది ఏమిటి?

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవిలో చెరువు ఎండగానే పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం మన కోలారు సీమలో తరతరాల ఆచారం. ఆవని గుట్ట చుట్టూ ఉన్న ఎర్రనేలలకు అదే బలం. ఆ మట్టిలో సారంతోపాటు మరేమి పొలానికి చేరుతున్నదో ముందుగా లెక్కగట్టవచ్చునా అన్నదే నేటి నా ప్రసంగ విషయం.

ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. 2018 జూన్‌లో కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం ద్వారా బెంగళూరు నగరపు శుద్ధి చేసిన మురుగునీరు మన జిల్లా చెరువులకు రాసాగింది. దినమునకు 440 మిలియన్ లీటర్లు ఆ పథకపు లక్ష్యం. మరుసటి నెలలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. వివాదం హైకోర్టుకెక్కింది, కొంతకాలం ఆగిన నీరు తిరిగి వచ్చింది. బోరుబావులు ఎండిన జిల్లాకు ఆ నీరు అక్కరే, నేను దానిని తూలనాడను. అయితే నీటిని మాత్రమే పరీక్షించి తృప్తిపడడం చాలదు. అడుగున ఉన్న మట్టిని కూడా ప్రశ్నించవలసి ఉన్నది.

కర్బన కాలుష్య పదార్థాలలో అనేకం నీటిలో ఇమడవు. అవి మట్టిలో కుళ్ళిన ఆకుల, వేర్ల అవశేషాన్ని, అనగా సేంద్రియ కర్బనాన్ని ఆశ్రయిస్తాయి. 1979లో అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ఏథెన్స్ ప్రయోగశాలలో శామ్యూల్ కారిక్‌హాఫ్ బృందం ఒక చక్కని సంగతి చూపింది. ఒక పదార్థం నీటికంటె ఆక్టనాల్ అనే నూనెవంటి ద్రవంలో ఎంత ఎక్కువగా కరుగుతుందో తెలిస్తే, మట్టిలోని కర్బనం దానిని ఎంతగా పట్టుకుంటుందో అంచనా వేయవచ్చును. ఆ పట్టును మట్టిలోని కర్బనపు పాలుతో హెచ్చవేస్తే చాలు, లెక్క తేలుతుంది.

ఉదాహరణకు మొక్కజొన్నలో కలుపుమందుగా వాడే అట్రజిన్‌కు ఆ పట్టు సుమారు 100. మట్టిలో కర్బనం అర శాతం అనుకుందాము. 100 × 0.005 = 0.5. అంటే అర లీటరు నీటిలో ఉన్నంత మందే కిలో మట్టి పట్టి ఉంచగలదు. మిగిలినది వాననీటి వెంట, రమారమి దానిలో మూడవవంతు వేగంతో, బావి దిక్కుగా సాగుతుంది. మన దేశం 1989లో వ్యవసాయానికి మాన్పించిన డి.డి.టి.కి ఆ అంక లక్షలలో ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటిలో ఉన్నంత, అంతకు మించి కూడా, కిలో మట్టి పట్టివేస్తుంది. అది బావికి పోదు. బండి ఎక్కి పొలానికి వస్తుంది! కర్బనం రెండు శాతం ఉన్న చెరువు మట్టి అయితే పట్టు నాలుగింతలు. మంచి ఎరువని మనం మెచ్చే మట్టికే విషాన్ని దాచే శక్తి కూడా ఎక్కువ.

ఈ సూత్రానికి హద్దు కూడా ఉన్నది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు విద్యుదావేశం గలవి. వాటిని బంకమట్టి, మన నేలకు ఎర్రదనమిచ్చే ఇనుప ఆక్సైడ్లు పట్టుకుంటాయి. అక్కడ ఆక్టనాల్ లెక్క తప్పుతుంది. ఏ దేశపు మట్టితోనో కట్టిన పట్టికలు మనకు చాలవు. మన మట్టిని, మన చెరువు నీటిని సీసాలో కలిపి కుదిపి కొలవవలసిందే.

అందుకు పెద్ద ప్రయోగశాల కావలెను. సేంద్రియ కర్బనపు కొలత మాత్రం ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పాఠశాలలోనే సాధ్యం. ఈ వేసవిలో బండ్లు కదలకముందే తూము దగ్గర, నడిగుంటలో, వాగు చేరే చోట మట్టి నమూనాలు తీసి, ఆ మూడు అంకెలను పంచాయతీ వారికి అందజేయవలసిందిగా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులను కోరుతున్నాను.